మూడో పాటలో ఏడో నంబరు ప్రెస్సు

పోయిన వారం నన్ను నేనే ఆ గోడౌను మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాను. ఇక లోపలికి వెళ్ళాలి. వెళ్ళేముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. మొదటినుంచీ ఉన్నవాళ్ళు విన్నదే వినిపిస్తోందని విసుక్కోకండి.

నేను రేకుల ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. రేకును కొట్టి ముక్కలుగా మలిచే యంత్రాలు, ప్రెస్సులంటాం, అవి ఏడు నా చేతి కింద ఉన్నాయి. మా ఆయన అందులో ఏడో నంబరు మీద ఆపరేటరు. ఏడు నెలల కిందట ఒక సోమవారం పొద్దున ఆ ప్రెస్సు ఆయన కుడిచేతి వేళ్ళు మూడు తీసుకుపోయింది. కంపెనీ విచారణ చేసి రెండు సంగతులు తేల్చింది. ఒకటి, ప్రెస్సులో ఏ లోపమూ లేదు. రెండు, ప్రెస్సు ముందు ఒక జాలీ తలుపు ఉంటుంది, అది తెరిస్తే యంత్రాన్ని ఆపేసే స్విచ్చి ఒకటి ఉంటుంది, ఆ స్విచ్చిని ఎవరో తీగతో కట్టిపడేశారు. ఆ ఎవరో ఆపరేటరేనని రాశారు. పని త్వరగా తెమలాలని కొందరు ఆపరేటర్లు అలా కడతారు, కాదనను.

మా ఆయన ఆసుపత్రి మంచం మీద ఒకే ఒక్కసారి చెప్పాడు. "నేను పెడలు ఒకసారే తొక్కాను. అది రెండుసార్లు కొట్టింది. తీగ నేను కట్టలేదు." నేను నమ్మలేదు. అక్కడే, ఆ మంచం పక్కనే నిలబడి, "అబద్ధం ఎందుకాడతారు? తీగ నా చేతులతో నేనే కోసి తీశాను," అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఈమధ్య ఇంకో కొత్త పాట అందుకున్నాడు. "నేనే కట్టానేమోలే, గుర్తులేదు," అంటున్నాడు. భోంచేస్తూ భోంచేస్తూ ఆగిపోయి ఎడమచేత్తో గాలిలో ముడి వేసి చూసుకుంటాడు, ఇలాగే కట్టి ఉంటానా అని.

ఇదీ పరిస్థితి. ఇలాంటప్పుడు మా తమ్ముడి బ్యాండు మొదటి ఆల్బం తయారైంది. పిలిచినవాళ్ళకి మాత్రం ఆ గోడౌనులో మధ్యాహ్నం మూడింటికి వినిపిస్తారట. మా ఆయన నాతో మెట్లదాకా వచ్చి పైకి రానన్నాడు. "యంత్రాల చప్పుళ్ళంటున్నావు. నావల్ల కాదు. నువ్వెళ్ళు, నేనిక్కడ కూర్చుంటాను," అని కిటికీ కింద బెంచీ మీద కూర్చుని కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

నేను మెట్లెక్కాను.

అబ్బో, ఏం అలంకారమండీ అది! కొత్త రేకులు తెచ్చి గోడలకు కొట్టించి, వాటి మీద తుప్పు రంగు వేయించారు. పెయింటరు పాపం శ్రద్ధగానే వేశాడు. నడిమధ్యలో పెద్ద పెద్ద మచ్చలు, అంచులు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. నిజం తుప్పు అంచుల్లోంచే మొదలవుతుందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. మేం తుప్పు వదలగొట్టడానికి జీతం తీసుకుంటాం. వీళ్ళు తుప్పెక్కించడానికి మనిషిని పెట్టుకున్నారు. బ్యాండు పేరు కూడా అదే, "తుప్పు". దాన్ని మైకులో చెప్పేటప్పుడు గొంతు బొంగురు చేసుకుని చెబుతారు.

నలుగురూ నీలం ఫ్యాక్టరీ బట్టలు వేసుకుని, వాటి మీద గ్రీజు మరకలు పెట్టుకుని నిలబడ్డారు. మరకలన్నీ ఛాతీ మీదే. ఛాతీకి గ్రీజు అంటాలంటే యంత్రాన్ని కౌగిలించుకోవాలి. మా బట్టలకి మోచేతుల దగ్గరా, చేతులు తుడుచుకునే తొడల మీదా ఉంటాయి మరకలు. ఒక్కడైనా ఒక్కసారి మా షెడ్డులోకి తొంగిచూసి ఉంటే తెలిసేది అనుకున్నాను. తొంగిచూశారని నాకప్పటికి తెలియదు.

మా తమ్ముడు పాడతాడు, గిటారు వాయిస్తాడు. అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, పెంచింది నేనే. ఆ గిటారు మా ఆయన మూడు నెలలు రెండేసి షిఫ్టులు చేసి కొనిపెట్టింది. వాడు ఇప్పుడు ఇంట్లో పెట్టిన పేరుతో పిలిస్తే పలకడు. "కొలిమి" అనాలట. అగ్గిపుల్ల గీయమంటే కళ్ళు మూసుకుని గీసే వెధవ, వాడి పేరు కొలిమి!

డ్రమ్ములు కొట్టేవాడు మా ఫ్యాక్టరీ యజమాని కొడుకు. అందరూ చినబాబు అంటారు. అతను కొట్టే నూనె డ్రమ్ములు మా పెరట్లోవే, కింద మా స్టోరు నంబరు ఇంకా ఉంది. ఇక్కడ పదిమందిలో నన్ను "అక్కా" అంటాడు, ఫ్యాక్టరీలో ఎదురుపడితే "ఏయ్ ఫిట్టరూ" అంటాడు. మిగతా ఇద్దరిలో ఒకడు రేకు మీద రంపం లాగుతాడు. ఇంకొకడు వైర్ల పెట్టె ముందు నిలబడి తల ఊపుతాడు.

ముందు వరసలో యజమాని, అంటే పెద్దాయన, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. కొడుకు సంగీతం వినడానికి దూదితో వచ్చాడు మహానుభావుడు. ఆ దూదే షెడ్డులో మేం అడిగితే స్టాకు లేదంటాడు.

తమ్ముడు మైకు అందుకున్నాడు. "ఇవాళ మీరు వినబోయేది పాటలు కాదు. శ్రమ చేసే మనిషి గుండె చప్పుడు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వీడు జన్మలో ఎత్తిన బరువు ఆ గిటారొక్కటే, అదీ భుజానికి పట్టీ ఉంటేనే ఎత్తుతాడు.

మొదటి పాట పేరు "తుక్కు". విన్నాక, పేరు దగ్గర మాత్రం మోసం చేయలేదని ఒప్పుకున్నాను. రెండో పాటలో తమ్ముడు నాలుగు నిమిషాలపాటు అరిచాడు. చిన్నప్పుడు బల్లిని చూసి అచ్చం ఇలాగే అరిచేవాడు. అప్పుడు చీపురు పట్టుకుని నేను పరిగెత్తాల్సి వచ్చేది, ఇప్పుడు జనం లేచి నిలబడుతున్నారు. నా పక్కన మెడకి గుడ్డ చుట్టుకున్న పత్రిక సమీక్షకుడొకాయన కళ్ళు మూసుకుని, "ఎంత నిజాయితీ! ఎంత పచ్చిగా ఉంది!" అని తనలో తను అనుకుంటున్నాడు. పాట అయ్యాక నావైపు తిరిగాడు.

"మీరేం చేస్తుంటారు?"

"ప్రెస్సులకి ఫిట్టర్నండీ."

"ఆహా! అయితే మీకిది ఇంటి పాట అన్నమాట."

"కాదండీ, డ్యూటీ. పైగా ఇవాళ సెలవు పెట్టి వచ్చాను," అన్నాను. ఆయన దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు.

మూడో పాట మొదలైంది. పేరు "దెబ్బ". ముందు ఏ వాయిద్యమూ లేదు. పెడలు తొక్కిన చప్పుడు, టక్. వెంటనే, ధన్. ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ లేదు. మళ్ళీ ధన్, ఈసారి కాస్త మెత్తగా. రెండు దెబ్బల తర్వాతా ఎడమవైపు ఏదో రేకు సన్నగా వణికిన గలగల.

ఆ గలగల నాకు తెలుసు. ఏడో నంబరు ప్రెస్సుకి ఎడమ పక్కనున్న మూతరేకు అలా వణుకుతుంది. దాన్ని ఆపడానికి రబ్బరు ముక్క కోసి అడ్డంపెట్టింది నేనే, అది పూర్తిగా ఆగలేదు. ఏడు ప్రెస్సుల మధ్య కళ్ళకు గంతలు కట్టి నిలబెట్టినా ఆ ఏడోదాన్ని వేలు పెట్టి చూపిస్తాను.

టక్. ధన్. ధన్. పెడలు ఒకసారి, దెబ్బలు రెండు. పాట పొడుగునా అదే తిరుగుతోంది, దాని మీద మా తమ్ముడి అరుపులు.

కంప్యూటర్లో అతికించి ఉంటారులే అనుకున్నాను. అనుకుని, కుర్చీ మీద పెట్టిన ఆల్బం అట్ట తిప్పి చూశాను. వీళ్ళ గొప్ప అంతా వెనకవైపు అచ్చేసుకున్నారు. "ఇందులోని ప్రతి చప్పుడూ నిజమైన యంత్రానిది. ఏదీ పెంచలేదు, తుంచలేదు, రెట్టించలేదు." కింద ఒక్కో పాటకీ ఏ యంత్రమో, ఏ తారీఖో, ఎన్ని గంటలకో వివరంగా రాశారు, జాతకాలు రాసినట్టు. మూడో పాట: పవర్ ప్రెస్సు. ఆదివారం ఉదయం తొమ్మిది. తారీఖు చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను. మా ఆయన వేళ్ళు పోయిన సోమవారానికి ముందు రోజు.

ప్రెస్సు పెడలు తొక్కితే పై దిమ్మ ఒకసారి దిగి, రేకును కొట్టి, పైకి వెళ్ళి ఆగాలి. ఒక తొక్కుకి రెండోసారి కూడా దిగిందంటే దాన్ని మేం డబులు కొట్టడం అంటాం. డబులు కొడితే షెడ్డు ఊడ్చే ముసలమ్మకి కూడా తెలుసు ఏం చేయాలో. మెయిను ఆపెయ్యాలి, ఫిట్టర్ని పిలవాలి. ఎందుకంటే దిమ్మ పైకి లేవగానే ఆపరేటరు ఎడమచేత్తో జాలీ తెరిచి, కుడిచేత్తో తయారైన ముక్క తీసేస్తాడు. సరిగ్గా ఆ ఊపిరి సేపులోనే చెయ్యి లోపల ఉంటుంది.

ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నం విచారణ వాళ్ళు ఏడో నంబరును యాభైసార్లు తొక్కి చూశారు. ఒక్కసారీ డబులు కొట్టలేదు. అప్పటికే షెడ్డు వేడెక్కి ఉంది. ఆదివారం పొద్దున అది చల్లటి యంత్రం. సోమవారం ఏడుంబావుకి మా ఆయన ఎక్కినప్పుడూ చల్లటి యంత్రమే. చల్లదనానికి లోపల గ్రీజు బిగుసుకుంటే దిమ్మను పట్టి ఆపే కొక్కెం వెనక్కి పడటానికి బద్ధకిస్తుంది, పడేలోపు దిమ్మ ఇంకోసారి దిగిపోతుంది. ఇరవై రెండేళ్ళ ఫిట్టర్ని, ఏడు నెలలపాటు నాకీ ముక్క తట్టలేదు.

మూడో పాట కాగానే విరామం ఇచ్చారు. తమ్ముడు దండలు లేని పెళ్ళికొడుకులా జనం మధ్య తిరుగుతున్నాడు. వాడి మోచెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్ళాను. అది రికార్డింగు గది. మిషన్ల ముందు సౌండతను ఒక్కడే కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. అరవై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు. కిటికీ తెరిచే ఉంది.

"ఎలా ఉందక్కా? మూడోది విన్నావా? అందరూ దాని గురించే!"

"ఒరేయ్, ఆ రెండో దెబ్బ మీరు అతికించారా?"

వాడికి రోషం పొడుచుకొచ్చింది. "అతికించడమా? అట్ట చదవలేదా నువ్వు? ఏదీ రెట్టించలేదు. ఒక్క తొక్కుకి రెండు దెబ్బలు, అదే దాని లయ! చినబాబు తొక్కాడు, నేను మైకు పట్టుకున్నాను. నాకైతే ఒళ్ళు గగుర్పొడిచిందనుకో. పదకొండుసార్లు తొక్కితే నాలుగుసార్లు అలా వచ్చింది. ఆ నాలుగూ ఏరి పెట్టుకున్నాం."

"ఏరి పెట్టుకున్నారు."

"అవునక్కా."

"మా ఫ్యాక్టరీకి వెళ్ళామని నాకెందుకు చెప్పలేదు? తుక్కు కొట్లో రికార్డు చేశామన్నావు కదరా?"

"చినబాబు చెప్పొద్దన్నాడు. వాళ్ళ నాన్నకి తెలిస్తే ఊరుకోడని."

"సరే. రెండుసార్లు కొడుతోందని షెడ్డులో ఎవరికైనా చెప్పారా? వాచ్‌మన్‌కైనా?"

"ఎందుకు చెబుతాం?" అన్నాడు, నాకు బొత్తిగా తెలివి లేదన్నట్టు చూసి. "చెబితే ఇంకో బ్యాండువాళ్ళు వచ్చి పట్టుకుపోరూ? ఆ చప్పుడు మాది."

నా ఒళ్ళు భగ్గుమంది. ఇరవై ఆరేళ్ళ గాడిద! పామును చూసి చారలు బాగున్నాయని ఫొటో తీసుకుని, ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా పడుకున్నట్టుంది వీళ్ళ పని. ఏడు నెలలుగా దాన్ని విని, కోసి, సానబెట్టి, దాని మీద అరిచారు. ఇలా కొట్టడం మంచిదేనా అని నలుగురిలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

"లయా? నీ మొహం లయ! దాన్ని డబులు కొట్టడం అంటార్రా. ఆ రెండో దెబ్బ ఎవరి మీద పడిందో తెలుసా నీకు? తారీఖు అచ్చేసుకున్నావు కదా, ఆ మర్నాడు ఏమైందో గుర్తుందా?"

వాడి మొహంలో కొలిమి ఆరిపోయింది. "బావ..." అన్నాడు.

"బావే. ఒకసారే తొక్కానని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు."

తలుపు తోసుకుని చినబాబు వచ్చాడు. "ఏంటక్కా, బయట జనం ఎదురుచూస్తున్నారు, నాలుగో పాట వెయ్యాలి."

"మీ నాన్నగారి ప్రెస్సు డబులు కొడుతోందని మీకు తెలియదా బాబూ?"

"నాకు మెషీన్ల సంగతి ఏం తెలుస్తుందక్కా?" అన్నాడు చేతులు చాపి. ఛాతీ మీద గ్రీజు మరక, బయట బ్యాండు పేరు తుప్పు, ఆల్బం నిండా మెషీన్లు, ఈయనకి మెషీన్ల సంగతి తెలియదట. ఛీ, అనిపించింది.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. మూతరేకు గలగల అంత స్పష్టంగా రావాలంటే మైకు జాలీకి లోపల ఉండాలి. మైకు లోపల ఉండాలంటే జాలీ తలుపు తెరిచి ఉండాలి. తలుపు తెరిచి ఉంటే ప్రెస్సు కదలకూడదు.

"జాలీ తెరిచిపెట్టి ఎలా నడిపార్రా?"

తమ్ముడి చూపు ఒక్క క్షణం గోడకి తగిలించిన తన గిటారు మీదికి పోయి వచ్చింది. నేను వెళ్ళి దాన్ని దగ్గరగా చూశాను. అన్నిటికన్నా లావు తీగ. మామూలు తీగ కాదు, లోపల ఒక తీగ, దాని చుట్టూ సన్నటి తీగ ఒత్తుగా చుట్టి ఉంది. కిందివైపు చివర చిన్న ఇత్తడి పూస.

ఆ సోమవారం స్విచ్చి మీదనుంచి నేను పట్టకారుతో కోసి తీసిన తీగ అలాగే ఉంది. ఒత్తుగా చుట్టిన తీగ, చివర ఇత్తడి పూస. రక్తం ఉందని సరిగా చూడకుండానే విచారణవాళ్ళ బల్ల మీద పడేశాను. మా స్టోరులో పూసలున్న తీగ ఎక్కడుంది? ఏ ఆపరేటరు దగ్గరుంటుంది? అడగాల్సినదాన్ని నేనే. నేను తిన్నగా ఆసుపత్రికి పోయి మొగుణ్ణి అబద్ధాలకోరన్నాను.

"ఎవరు కట్టారు?" అన్నాను.

"అక్కా, అది... పాత తీగ సంచిలో ఉంటే..." తమ్ముడు ఏడుపు గొంతు పెట్టాడు. "విప్పేశామనే అనుకున్నాను. నిజంగా గుర్తులేదు."

"గుర్తులేదా? మీ బావ కూడా ఇప్పుడు అదే అంటున్నాడ్రా. ఆయన చెయ్యని పనికి గుర్తులేదంటున్నాడు, నువ్వు చేసిన పనికి."

సౌండతను బిస్కెట్ల పొట్లం పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. "ఆ రోజు రికార్డయిందంతా నా దగ్గరుందమ్మా. వీళ్ళు కోసి పారెయ్యమన్నది కూడా. ఏదీ పారెయ్యడం నాకు అలవాటు లేదు. మొత్తం ఎప్పుడూ వినలేదు, ఇప్పుడు వేస్తాను."

"అంకుల్, ఇప్పుడవన్నీ ఎందుకు?" చినబాబు ముందుకొచ్చాడు.

"మీరు ఊరుకోండి బాబూ," అని ఆయన మీట నొక్కాడు.

షెడ్డు లోపలి నిశ్శబ్దం వినబడింది. అది కూడా నాకు తెలిసిందే, పైకప్పు మీద పావురాల అడుగులు. తర్వాత చినబాబు నవ్వు. టక్, ధన్. టక్, ధన్. టక్, ధన్, ధన్. "ఓహోహో, ఇది పట్టు, ఇది పట్టు!" అని మా తమ్ముడి కేకలు. గది గోడలు అదిరేలా వచ్చింది ఆ చప్పుడు, కింద వీధిదాకా వినబడి ఉంటుంది. చివరికి మోటారు ఆగింది. వైర్లు చుట్టుకుంటున్న అలికిడి. అప్పుడు చినబాబు గొంతు అంది: "తీగ విప్పుతావా?"

తర్వాత మా తమ్ముడి గొంతు. తేలిగ్గా, ఆవులిస్తూ అన్నాడు. "బిగుసుకుపోయింది, వేలు కోసుకుపోయేలా ఉంది. వదిలెయ్. రేపు పొద్దున మా అక్క ఎలాగూ చూస్తుంది. ప్రతి సోమవారం చూస్తుంది."

అంతే. రికార్డింగు అయిపోయింది.

వాడి చెంప పగలగొట్టడానికి లేచిన నా చెయ్యి లేచినట్టే ఉండిపోయింది.

ప్రతి సోమవారం. నిజమే. ఏడింటికి షిఫ్టు మొదలయ్యేలోపు ఏడు ప్రెస్సుల జాలీలూ తెరిచి, ఏడు స్విచ్చులూ వేలితో నొక్కి చూసి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆరు ప్రెస్సుల స్విచ్చులు నొక్కి చూస్తాను. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి చూడను. ఎన్నేళ్ళుగానో చూడటం లేదు. అది మా ఆయన మిషను, ఆయనంత జాగ్రత్త మనిషి షెడ్డులో లేడు, ఏదైనా ఉంటే ఆయనే చూసుకుంటాడని నడుస్తూనే సంతకం గీకేస్తాను. ఆ సోమవారం కూడా గీకేశాను.

తీగ ఆయనే కట్టాడని నేనంత త్వరగా ఎందుకు నమ్మానో ఆ గదిలో నిలబడ్డాక తెలిసింది. ఆయన కట్టకపోతే, నేను చూడలేదు. అందుకే ఆయనే కట్టాలి. తుప్పు రంగునీ, ఛాతీ మీద మరకల్నీ, చెవుల్లో దూదినీ చూసి ఇంతసేపు మూతి తిప్పుకున్నానే, వాళ్ళకేమీ తెలియదు గనక చెయ్యలేదు. నాకు అన్నీ తెలుసు. నామీద నాకే అసహ్యం వేసింది.

"ఆ రిజిస్టరు నా బీరువాలోనే ఉందమ్మా."

పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. దూది రెండు ఉండలూ చేతిలో ఉన్నాయి. చాలా మర్యాదగా, మెల్లగా మాట్లాడాడు.

"సోమవారం, ఏడో నంబరు, స్విచ్చి సరిగ్గా ఉంది, కింద నీ సంతకం. విచారణలో నేనది బయట పెట్టలేదు, నీ మీద గౌరవం కొద్దీ. ఇప్పుడు ఈ టేపంటూ బయటికి వెళ్తే దాని వెంబడి అది కూడా వెళ్ళాలి కదా. మీ తమ్ముడూ, నువ్వూ, ఇద్దరూ. ఆలోచించుకో తల్లీ. మీ ఆయన కూడా ఇప్పుడు తనే కట్టానేమో అంటున్నాడట కదా, అలాగే ఉండనివ్వరాదూ?"

"ఆయన ఏమనుకుంటున్నాడో మీకెవరు చెప్పారు?" అన్నాను. తమ్ముడు తలొంచుకున్నాడు. ఎవరు చెప్పారో అడగక్కర్లేకపోయింది.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. నెమ్మదిగా, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ. ఆ నడక నాకు తెలుసు. ఏడు నెలలుగా ఏ యంత్రం చప్పుడైనా వింటే వీధి దాటి అవతలి వైపుకి వెళ్ళిపోయే మనిషి, చప్పుడు వచ్చిన వైపుకే వస్తున్నాడు. పెద్దాయన పక్కకి తప్పుకున్నాడు.

మా ఆయన గుమ్మంలో నిలబడి గదంతా చూశాడు. కుడిచెయ్యి జేబులోంచి బయటికి వచ్చేసి ఉంది, ఆ సంగతి ఆయనకి తెలియనట్టుంది.

"ఏమిటది? కిటికీలోంచి వినబడింది," అన్నాడు. "మన ఏడో నంబరు కదూ?"

"అవునండీ."

"డబులు కొట్టింది. నేను విన్నాను. ఒకసారే తొక్కారు, డబులు కొట్టింది." "కొట్టింది కదూ? నాకే అలా వినబడిందా?"

"కొట్టింది. ముందు రోజు ఆదివారం చేసిన రికార్డు అది. అందులో నాలుగుసార్లు కొట్టింది. మీరు ఒకసారే తొక్కారండీ. మీరు చెప్పింది నిజం."

ఆయన గోడ పట్టుకున్నాడు. సౌండతను లేచి తన కుర్చీ ముందుకు తోశాడు గానీ ఆయన కూర్చోలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఏడు నెలలైంది. తమ్ముడు మూలకి తిరిగి ఏడుస్తున్నాడు. వాడి ఏడుపు ఎవరికీ అక్కర్లేదు.

కాసేపటికి మా ఆయన నవ్వు ఆగింది. ఎడమచెయ్యి మళ్ళీ గాలిలో ఆ ముడి వేయడం మొదలుపెట్టింది.

"మరి తీగ?" అన్నాడు, నన్నే చూస్తూ. "దాని దగ్గరే నాకు లెక్క తెగడం లేదు. ఏడింటికి నువ్వు స్విచ్చి చూసి సంతకం పెట్టావు. ఏడుంబావుకి నేను మిషనెక్కాను. మధ్యలో పావుగంట. ఆ పావుగంటలో అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. నీ పని నాకు తెలియదూ, నువ్వు చూడకుండా సంతకం పెట్టే మనిషివి కావు. అందుకే నేనే కట్టి మరిచిపోయానేమో అనుకుంటూ వచ్చాను."

పెద్దాయన దూది ఉండలు వేళ్ళ మధ్య మెల్లగా నలుపుతున్నాడు.

మా ఆయన ఒక అడుగు ముందుకేసి, మూడు వేళ్ళు లేని చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు చూసినప్పుడు తీగ లేదు కదూ?"